మన మొహాలకూ ఒక చట్టం

2023 నవంబర్‌లో రష్మిక మందన్న లిఫ్ట్‌లోకి వస్తున్నట్టు ఒక వీడియో అందరి ఫోన్లలో తిరిగింది, గుర్తుండే ఉంటుంది. అది డీప్‌ఫేక్ అని తేలాక అమితాబ్ బచ్చన్ స్పందించారు, కేంద్ర మంత్రులు మాట్లాడారు, ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. ఐదు వందలకు పైగా సోషల్ మీడియా ఖాతాలను జల్లెడ పట్టి, 2024 జనవరిలో ప్రధాన నిందితుణ్ణి పట్టుకున్నామని ప్రకటించారు. ఎవరబ్బా అని చూస్తే గుంటూరు జిల్లా కుర్రాడు. వయసు 24. చెన్నైలో బీటెక్ చదివాడు. రష్మిక పేరు మీద ఫ్యాన్ పేజీ నడుపుతున్నాడు. ఆ పేజీకి ఫాలోవర్లు పెరగాలనే ఈ పని చేశాడని పోలీసులు చెప్పారు. పెరిగారు కూడా. రెండు వారాల్లో 90 వేల నుంచి 1 లక్షా 8 వేలకు.

ఆ వార్త వచ్చినరోజు మా హాస్టల్‌లో "మనోడేరా మచ్చా" అని నవ్వుకున్నారు. నాకు ఆ మాట దగ్గరే కాసేపు ఆగాలనిపిస్తుంది. నిజంగానే మనోడే. మన వయసు, మన చదువు, మనకుండే రీచ్ పిచ్చి. ఏఐ చట్టాల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ "వాళ్లు" అంటాం. పెద్ద కంపెనీలు, హ్యాకర్లు, అమెరికా, చైనా. ఈ దేశంలో డీప్‌ఫేక్ మీద చర్చ మొదలుపెట్టించిన కేసులో మాత్రం నిందితుడు తెలుగు ఇంజనీరింగ్ కుర్రాడు.

ఈ కథలో ఇంకో ఆడమనిషి ఉంది. ఆ వీడియోలో మొహం రష్మికది, శరీరం బ్రిటన్‌లో ఉంటున్న ఒక భారతీయ సంతతి మహిళది. ఆమె తన ఖాతాలో పెట్టుకున్న వీడియో అది. తనకు ఇది చాలా బాధ కలిగించిందని ఆమె కూడా చెప్పింది. కానీ టీవీ చర్చల్లో ఆమెకు దక్కింది ఒక్క వాక్యం. రష్మిక మాత్రం ఒక మంచి మాట అన్నారు: ఇది నేను స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేను అని. ఈ వ్యాసం మొత్తం ఆ మాట గురించే. సినిమా స్టార్ మొహానికి ఏదైనా అయితే చట్టం పరిగెత్తుకుంటూ వస్తోంది. మరి కాలేజీ అమ్మాయి మొహానికి అయితే? తిరుమల క్యూలో నిలబడ్డ ముసలాయన మొహానికి అయితే?

స్టార్ల సంగతి ముందు చూద్దాం. 2025 సెప్టెంబర్‌లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి తన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. అదే నెలలో చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబర్‌లో పవన్ కల్యాణ్, జూనియర్ ఎన్టీఆర్ కూడా ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టారు. దీన్ని వ్యక్తిత్వ హక్కు అంటున్నారు. వాళ్లకు ఆ రక్షణ దొరకడంలో తప్పేమీ లేదు, చిరంజీవి మీద చేసినవి నిజంగా నీచమైన వీడియోలే. నేననేది ఏమిటంటే, ఆ హక్కుకు పునాది ఆ పేరుకున్న మార్కెట్ విలువ. ఫలానా హీరో మొహం పెడితే టీషర్టు అమ్ముడవుతుంది కాబట్టి ఆ మొహం ఆయన ఆస్తి. మన మొహం పెడితే ఏ టీషర్టూ అమ్ముడుపోదు. మరి మన మొహం ఎవరి ఆస్తి?

గొంతు విషయంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో మళ్లీ పుట్టించి వాడారు. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో చేరి మధ్యలో మానేసిన మనిషి కాబట్టి మన బాపతే అని నేను గర్వంగా చెప్పుకుంటుంటాను. కుటుంబాన్ని అడగలేదని ఆయన కొడుకు ఎస్పీ చరణ్ 2024 జనవరిలో సినిమా వాళ్లకు లీగల్ నోటీసు పంపారు. సరిగ్గా అదే నెలలో ఏఆర్ రెహమాన్ 'లాల్ సలామ్' సినిమా పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఇలాగే వాడారు. కానీ ముందు కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. రెండు చోట్లా టెక్నాలజీ ఒక్కటే. ఒకచోట అడిగారు, ఒకచోట అడగలేదు. నా దృష్టిలో డీప్‌ఫేక్ చర్చ మొత్తం ఈ "అడగడం" మీదే నిలబడాలి. అది బూతా కాదా, బాగుందా లేదా అన్నవి తర్వాతి ప్రశ్నలు. మన చట్టం మాత్రం బూతు దగ్గర మొదలవుతుంది.

ఎందుకంటున్నానో చెప్తాను. మాది తిరుచానూరు. కిందటేడు పంచమి తీర్థం రోజు మా వీధిలో ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతోంది, లంగావోణీలో పుష్కరిణి దగ్గర ఫొటో దిగి ఇన్‌స్టాలో పెట్టింది. వారం తిరక్కముందే ఆ మొహంతో ఇంకో ఫొటో తయారైంది. మెడలో దండ, పక్కన మెడలో దండతో ఒక అబ్బాయి. గుడి మెట్ల మీద పెళ్లి చేసుకున్నట్టు. అంతే. ఒంటి మీద బట్టలు నిండుగా ఉన్నాయి. బూతు లేదు, అసభ్యం లేదు. ముందు ఒక ఫేక్ ఖాతాలో వచ్చింది, తర్వాత చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లోకి పాకింది. వాళ్లకు ఒక సంబంధం మాటల్లో ఉండింది. అది పోయింది. నాయన ఫోన్ లాక్కున్నాడు. మూడు వారాలు కాలేజీకి పోలేదు. ఆ అమ్మాయి మాత్రం "అది నేను కాదు" అని ఎంతమందికని చెప్తుంది? చెప్పినా "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అన్న పెద్దమనుషులు ఉన్నారు. ఇప్పుడు నిప్పు లేకుండా పొగ తెప్పించే యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయని ఆ పెద్దమనుషులకు తెలీదు.

ఇప్పుడు ఐటీ చట్టం తీయండి. సెక్షన్ 67 అశ్లీలాన్ని ప్రచురించడం గురించి. ఆ ఫొటోలో అశ్లీలం లేదు. 67ఏ లైంగిక దృశ్యాల గురించి. అదీ లేదు. 66ఈ గోప్యతా ఉల్లంఘన అంటుంది, పేరు చూసి ఇదేనేమో అనుకుంటాం. చదివితే అది ఒక మనిషి అనుమతి లేకుండా శరీరంలోని రహస్య భాగాలను ఫొటో తీయడం, పంపడం గురించి. డీప్‌ఫేక్‌లో అసలు చిక్కు అక్కడే ఉంది. నగ్నంగా మార్చిన ఫొటో అయినా సరే, ఆ శరీరం ఆమెది కాదు కదా అని లాయరు వాదించొచ్చు. మిగిలింది 66సీ, వేరొకరి గుర్తింపును మోసపూరితంగా వాడుకోవడం. మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఆ సెక్షన్ మాటల్లో ఉన్నది ఎలక్ట్రానిక్ సంతకం, పాస్‌వర్డ్, అలాంటి "ప్రత్యేక గుర్తింపు లక్షణం". మొహం అందులోకి వస్తుందని వాదించాలి. రష్మిక కేసులో 66సీ, 66ఈ రెండూ పెట్టారు, వాటితో పాటు ఐపీసీలోని ఫోర్జరీ సెక్షన్లు. అంటే 2000లో పుట్టిన చట్టాన్ని, 1860 నాటి శిక్షాస్మృతిని కలిపి కుట్టి 2023 నేరానికి తొడిగారు. స్టార్ కేసు కాబట్టి కుట్టడానికి మంచి దర్జీలు దొరికారు.

అలాగని ఆ అమ్మాయికి దారే లేదా అంటే, ఉంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 2021 ఐటీ నిబంధనల్లో రూల్ 3(2)(బి) అని ఒకటి ఉంది. నగ్న చిత్రాలే కాదు, ఒక మనిషి పేరుతో చేసే వేషధారణ, మార్ఫింగ్ చేసిన ఫొటోలు కూడా అందులోకి వస్తాయి. బాధితురాలు గానీ ఆమె తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు చేస్తే ప్లాట్‌ఫారం 24 గంటల్లో తీసేయాలి. కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. ప్లాట్‌ఫారం వినకపోతే గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లో ఆన్‌లైన్‌లో అప్పీల్ చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. 2026 ఫిబ్రవరి 20 నుంచి ఆ 24 గంటలు 2 గంటలయ్యాయి. ఏఐతో చేసిన వాటి మీద స్పష్టంగా లేబుల్ ఉండాలనీ, ఫైల్ లోపల మెటాడేటాలో ఆనవాలు ఉండాలనీ కూడా కొత్త నిబంధన చెప్తోంది.

మంచి రూలే. ఆ అమ్మాయికి చెప్పిందెవరు? వాళ్ల అన్న వెళ్లిన చోట "ఖాతా డిలీట్ చేసుకోమ్మని చెప్పండి, పరువు పోతుంది" అన్నారు. కాలేజీలో కౌన్సెలింగ్ పేరుతో "ఫొటోలు ఎందుకు పెట్టావ్" అని అడిగారు. ప్లాట్‌ఫారం ఫిర్యాదు ఫారం ఇంగ్లీషులో ఉంది. అందులో ఆ మొహం నీదేనని రుజువు చేయడానికి గుర్తింపు కార్డు పట్టుకుని ఇంకో సెల్ఫీ పంపమంది. దొంగతనం ఫిర్యాదు రాసుకోవాలంటే ఇంట్లో మిగిలిన నగ కూడా తెచ్చి ఇక్కడ పెట్టమన్నట్టుంది. పంపాక ఖాతా పోయింది. వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నది ఉన్నట్టే ఉంది. అక్కడ ఎవరు తీయాలి? ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట ప్లాట్‌ఫారం చూడలేదు, చూడకూడదు కూడా. అది మన గోప్యతకే కాపలా. అక్కడ మిగిలేది ఫార్వర్డ్ చేసిన పెదనాన్నా, మేనత్తా. వాళ్ల మీద కేసు పెట్టే ధైర్యం ఏ ఇంట్లో ఉంటుంది చెప్పండి.

దక్షిణ కొరియాలో 2024లో యూనివర్సిటీల్లో, స్కూళ్లలో టెలిగ్రామ్ గ్రూపులు బయటపడ్డాయి. అబ్బాయిలు తమ క్లాస్‌మేట్స్ మొహాలతోనే లైంగిక డీప్‌ఫేక్‌లు చేసి పంచుకున్నారు. ఆ సెప్టెంబర్‌లోనే అక్కడి పార్లమెంటు చట్టం మార్చింది. అలాంటివి చేయడమే కాదు, చూసినా, దాచుకున్నా మూడేళ్ల వరకు జైలు. అంత కఠినం మనకు అవసరమా అన్నది వేరే చర్చ. నాకు నచ్చింది ఏమిటంటే, వాళ్లు క్లాస్‌రూంను చూసి చట్టం రాశారు. మనం రెడ్ కార్పెట్‌ను చూసి రాస్తున్నాం.

ఇక డేటా చట్టానికి వద్దాం. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలన్నీ అమల్లోకి వచ్చేసరికి 2027 మే అవుతుంది. 2017లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పాక పదేళ్లకన్నమాట. ఈ చట్టంలో రెండు విషయాలు నాకు భలే నచ్చాయి. మనుషులందరినీ "ఆమె" అని రాశారు, మగవాళ్లు కూడా అందులోనే సర్దుకోవాలి. రెండోది, డేటా ఎవరిదో ఆ మనిషిని డేటా ప్రిన్సిపల్ అన్నారు. ప్రిన్సిపల్ రూంకి పోవాలంటే వణికే మనం ఒక్క గెజెట్‌తో ప్రిన్సిపల్స్ అయిపోయాం!

అధికారం మాత్రం ఆ స్థాయిలో లేదు. సెక్షన్ 3 చూడండి. మనిషి తనంతట తానే బహిరంగంగా పెట్టిన డేటాకు ఈ చట్టం వర్తించదు. అంటే పబ్లిక్ ఖాతాలో పెట్టిన పుష్కరిణి ఫొటోను ఏ కంపెనీ అయినా ఎత్తుకెళ్లి తన మోడల్‌కు మేత వేస్తే ఈ చట్టం పట్టుకోదని వాళ్లు వాదించొచ్చు. నలుగురూ చూడ్డానికి పెట్టాను కాబట్టి నలుగురూ కోసుకుపోవడానికి పెట్టానని ఎలా అవుతుంది? మా ఇంటి ముందు ముగ్గు వేస్తే దారిన పోయేవాళ్లు చూస్తారు, ముగ్గుతో పాటు వాకిలి పెళ్లగించుకుపోరు కదా. యూరప్ ఏఐ చట్టం ఇంటర్నెట్ నుంచి, సీసీ కెమెరాల నుంచి మొహాలను గుంపుగా లాగి ఫేస్ రికగ్నిషన్ డేటాబేస్‌లు కట్టడాన్ని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మన దగ్గర 2025 నవంబర్‌లో కేంద్రం ఏఐ పాలన మార్గదర్శకాలు ఇచ్చి, ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదు అంది.

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. డేటాకు సరైన భద్రత పెట్టని కంపెనీకి 250 కోట్ల వరకు జరిమానా. వినడానికి బావుంది. ఆ జరిమానా భారత సంచిత నిధికి పోతుంది. డేటా పోగొట్టుకున్న ఆమెకు పైసా రాదు. పాత ఐటీ చట్టంలో 43ఏ అని పరిహారం అడిగే సెక్షన్ ఒకటి ఉంది, దాన్ని ఈ కొత్త చట్టం తీసేస్తోంది. పైగా ఆమె పసలేని ఫిర్యాదు చేసిందని బోర్డు అనుకుంటే ఆమెకే 10 వేల వరకు జరిమానా. 2023లో సైబరాబాద్ పోలీసులు డేటా అమ్మే ముఠాను పట్టుకున్నారు, 16.8 కోట్ల మంది వివరాలన్నారు. తర్వాత కొద్ది రోజులకే ఇంకొకణ్ణి పట్టుకుని 66.9 కోట్ల మందివన్నారు. అందులో నీట్ రాసిన పిల్లల వివరాలు కూడా ఉన్నాయి. ఈఏపీసెట్ రాసి ఇంటికొచ్చేలోపు "మీ అబ్బాయికి మా కాలేజీలో సీటుందండీ" అని ఫోన్లు ఎలా వస్తాయో మన అందరికీ అనుభవమే. ఆ 66 కోట్ల మందిలో ఒక్కరికైనా నష్టపరిహారం వచ్చిందని మీరు విన్నారా?

మూడో కన్నం అన్నిటికంటే పెద్దది, ప్రభుత్వం. దేశభద్రత, ప్రజాశాంతి లాంటి కారణాలు చూపి కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థకైనా ఈ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. 2021 మేలో, లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు రోడ్డు మీద ఆపి మాస్క్ తీయమన్నారు. తీయనంటే అలాగే ఫొటో కొట్టుకుపోయారు. ఏ చట్టం ప్రకారం తీశారు, ఆ ఫొటో ఏం చేస్తారు అని ఆయన అడిగాడు. జవాబు రాలేదని తెలంగాణ హైకోర్టులో కేసు వేశాడు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఎంత చిన్న ప్రశ్న! చిన్న ప్రశ్నలకే హైకోర్టు దాకా పోవాల్సి రావడం నాకు కష్టంగా అనిపిస్తుంది.

మా ఊరికి దగ్గరి సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాయడం దొంగతనమే అవుతుంది. టీటీడీ 2023 మార్చి 1 నుంచి తిరుమలలో ఫేస్ రికగ్నిషన్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. గదుల కేటాయింపులో దళారుల్ని ఆపడానికి, ఒకరే మళ్లీ మళ్లీ లడ్డూ టోకెన్లు తీసుకోకుండా చూడడానికి. 2025 సెప్టెంబర్‌లో వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఏఐతో నడిచే కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను ముఖ్యమంత్రి ప్రారంభించారు. మా అవ్వ వెంటనే అడిగిన ప్రశ్న, "గుండు కొట్టించుకున్నాక కూడా గుర్తుపడతాదా అది?" పడుతుందవ్వా, అది జుట్టు చూడదు, కళ్లూ ముక్కూ మధ్య దూరాలు చూస్తుంది అని చెప్పాను. "అయితే దేవుడికిచ్చింది జుట్టు, వీళ్లు తీసుకునేది మొహమా" అంది. అంతకంటే బాగా ఎవరూ అడగలేరనుకుంటా.

నేను ఆ కెమెరాలకు వ్యతిరేకిని కాదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఇక్కడ ఉండేవాళ్లెవరూ ఆ రాత్రిని మర్చిపోరు. ఒక చోట జనం ఎక్కువవుతున్నారని పది నిమిషాల ముందు ఒక కెమెరా చెప్పగలిగితే ఆ కెమెరా ఉండాల్సిందే. కానీ ఇంజనీర్లుగా మనకు తెలుసు, జనాన్ని లెక్కపెట్టడం వేరు, జనంలో మనిషిని గుర్తుపట్టడం వేరు. తలలు లెక్కపెట్టడానికి పేర్లు అక్కర్లేదు. గది ఇచ్చినాయన, డిపాజిట్ వాపసు తీసుకునేది ఒక్కరేనా అని చూడ్డానికి మొహం కావాలి, సరే, గది ఖాళీ చేశాక ఆ మొహం ఎందుకు? ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరికి చూపిస్తారు, వద్దన్నవాళ్లకు వేరే కౌంటర్ ఉందా అన్న మూడు సంగతులు క్యూ మొదట్లోనే తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో బోర్డు మీద ఉండాలి. చెప్పులు ఎక్కడ వదలాలో బోర్డు పెట్టినంత పెద్దగా. దేవుడి దగ్గరికి పోయేవాడు దేనికైనా సంతకం పెడతాడు, అందుకే అక్కడ ఎక్కువ జాగ్రత్తగా అడగాలి.

ఇంత చెప్పాక "అయితే అన్నీ నిషేధించేయాలి" అనే బ్యాచ్ ఒకటి తయారవుతుంది. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. కొత్త నిబంధనల్లో ఇంకో గడువు ఉంది. కోర్టు గానీ ప్రభుత్వం గానీ తీసేయమంటే ప్లాట్‌ఫారం 3 గంటల్లో తీసేయాలి. ఇదివరకు 36 గంటలు. మూడు గంటల్లో అది నకిలీయా, వ్యంగ్యమా, నిజమా అని ఎవరు చూస్తారు? చూడరు, తీసేస్తారు. 2020లో విశాఖ గ్యాస్ లీకేజీ మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు పెట్టింది. అందులో డీప్‌ఫేక్ లేదు, ఏఐ లేదు, ఉత్త మాటలే. పార్టీలు మారతాయి, ఈ అలవాటు మాత్రం మారదు. మన క్లబ్ ఫెస్ట్‌లో నాయకుల మీద చేసే పేరడీ స్కిట్ వీడియో రేపు "సింథటిక్" అని ఎగిరిపోతే అడగడానికి మనకు మూడు గంటలు కూడా ఉండవు. కాబట్టి ఒక మామూలు మనిషి తన మొహం గురించి తనే చేసే ఫిర్యాదుకు రెండు గంటలు పెట్టండి, చాలా సంతోషం. అధికారంలో ఉన్నవాళ్లు తమ గురించి చేసే ఫిర్యాదుకు మాత్రం కారణం రాతపూర్వకంగా చెప్పాలి, పోస్టు పెట్టినవాడి మాట వినాలి. బలం ఉన్నవాడికి నెమ్మది చట్టం, లేనివాడికి వేగం చట్టం కావాలి. ఇప్పుడున్నది తలకిందులుగా ఉంది.

మనం ఇక్కడ కూర్చుని పార్లమెంటును మార్చలేం. కానీ రెండు పనులు మన చేతిలోనే ఉన్నాయి, రెండోది మరీ మన ఇంటి పని.

మొదటిది తెలుగు పని. డేటా చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో అడిగే హక్కు మనకు చట్టబద్ధంగా ఉంది. కానీ ఎలాంటి తెలుగు? "దత్తాంశ విశ్వాసాశ్రితుడు మీ దత్తాంశమును ప్రక్రియాపరచుటకు" అని రాస్తే మా అవ్వకే కాదు, నాకూ అర్థం కాదు. మెషీన్‌కు వేసి పారేసిన అనువాదం కింద "అంగీకరిస్తున్నాను" బటన్ పెడితే అది సమ్మతి ఎలా అవుతుంది? సాహిత్య క్లబ్ అంటే కవితల పోటీలే కాదు కదా, ఇలాంటి కాగితాలకు మనుషులు మాట్లాడే తెలుగు ఇవ్వడం కూడా సాహిత్య సేవే అని నేను గట్టిగా అంటాను. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

రెండోది ప్రాజెక్టులు. ఏటా ఫైనల్ ఇయర్‌లో కనీసం రెండు బ్యాచ్‌లు "ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టం" చేస్తాయి. ఈ ఏడాదీ ఉంది, పక్క బ్యాచ్‌లో ఉంది. డేటాసెట్ ఎక్కడిది? క్లాసులో అరవై మంది మొహాలు, ఒక్కొక్కరివి ఇరవై ఫొటోలు, రోల్ నంబర్‌తో ఫోల్డర్ పేరు. అది ఒక డ్రైవ్ లింకులో ఉంటుంది, లింకు తెలిసినవాళ్లెవరైనా తెరవొచ్చు. ప్రాజెక్ట్ అయ్యాక కోడ్‌తో పాటు ఆ ఫోల్డర్ కూడా జూనియర్లకు పోతుంది. పాసై వెళ్లిపోయిన అక్కల మొహాలు ఇంకా మన ల్యాబ్ సిస్టంలలో ఉన్నాయి. గుంటూరు కుర్రాడికి ఒక సినిమా స్టార్ వీడియో వెతుక్కోవాల్సి వచ్చింది. మన దగ్గర అరవై మంది అమ్మాయిలూ అబ్బాయిలూ అన్ని కోణాల్లో, మంచి వెలుతురులో, పేర్లతో సహా సిద్ధంగా ఉన్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరూ అడగలేదు, అంతే.

అందుకని ఒక కాగితం రాశాను. అరపేజీ. ఇలా ఉంటుంది: "మీ మొహం ఫొటోలు 20 తీసుకుంటాం. హాజరు వేసే ప్రోగ్రాంకి నేర్పడానికే వాడతాం, వేరే దేనికీ వాడం. ఈ నలుగురం తప్ప ఎవరూ చూడరు. వైవా అయిన వారంలో చెరిపేసి, చెరిపేశామని మీకు మెసేజ్ పెడతాం. మధ్యలో వద్దనిపిస్తే చెప్పండి, ఆ రోజే తీసేస్తాం. ఇవ్వకపోతే మీకేం నష్టం లేదు." కింద పేర్లు, సంతకాలు. మా గైడ్ సార్‌కు చూపిస్తే "ఇవన్నీ ఎందుకయ్యా, అందరూ మన పిల్లలే కదా" అన్నారు, తర్వాత కాసేపు ఆలోచించి, పాత ఫోల్డర్లు ఎవరి దగ్గరున్నాయో లిస్టు తెమ్మన్నారు. ఇప్పటికి పదకొండు దొరికాయి, వాటిలో మూడు ఎవరివో ఎవరికీ తెలీదు. ఫస్ట్ రివ్యూ వచ్చే నెల. కాగితం క్లబ్ గ్రూపులో పెడుతున్నాను, తెలుగు సరిచేసేవాళ్లు సరిచేయండి. మీ ల్యాబ్‌లో 2022కి ముందు బ్యాచ్‌ల డేటాసెట్లు ఏమైనా ఉంటే నాకో మెసేజ్ పెట్టండి.